పాత కారు మరల నడుచునా?

"అన్నా, గిది మళ్ల నడుస్తదా?"

తాత కొన్న అంబాసిడర్ కారు పత్తి బస్తాల నడుమనో, చింతచెట్టు క్రింద చిరిగిన టార్పాలిన్ మాటుననో ఏండ్ల తరబడి కదలక పడియుండగా, ఒకనాడు దానిపై మనసుపడిన మనుమడు మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చి మొట్టమొదట అడుగు ప్రశ్న ఇది. మొగుళ్లపల్లిలోనైనను, పరకాలలోనైనను, చిట్యాలలోనైనను ఈ ప్రశ్న మారదు. అనుభవముగల మెకానిక్కు ఇచ్చు సమాధానమును మారదు. అతడు ఔననడు, కాదనడు. ఇంజనుపై మూతనైనను ఎత్తక, నేలపై గోనెసంచి పరచుకొని కారు క్రిందికి దూరి, "ఇంజన్ సంగతి తర్వాత, ముందుగాల కింద సూడాలె" అనును. ఆగిపోయిన బండిని బాగుచేయబూనినవాడు ఇంజనును విడిచి నేలవైపు రేకును ఏల చూడవలెనో గ్రహించినచో, పాత కారు పునరుద్ధరణమున సగము శాస్త్రము చేజిక్కినట్లే.

ఇదే ప్రశ్నను అమెరికాలో ఇండ్ల ప్రక్కనుండు కారు షెడ్లలో వేలకొలది జనులు తమకు తామే వేసికొనుచుందురు. అచట 1964లో పాంటియాక్ సంస్థవారు 389 ఘనపుటంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజనును మధ్యతరగతి కారు దేహమున అమర్చి జీటీఓ అను పేర విడుదల చేసిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 17న న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డువారి మస్టాంగ్ వెలుగుచూచెను. చిన్న దేహమునకు పెద్ద ఇంజను తగిలించి అల్పవ్యయముతో మహావేగమును అందించిన ఈ జాతి వాహనములకు మజిల్ కార్లని పేరు వచ్చెను. 1970 నాటి షెవ్రొలే షెవెల్ కారులో 454 ఘనపుటంగుళముల ఇంజను 450 అశ్వశక్తులు గలదని సంస్థవారే ప్రకటించిరి. ఆ ఏడే వచ్చిన వాయుశుద్ధి చట్టము, పెరిగిన బీమా రుసుములు, 1973 నాటి చమురు సంక్షోభము కలసి ఆ వైభవమునకు తెరదించెను. నాడు మిగిలిన బండ్లనే నేటి ఔత్సాహికులు విడదీసి, కడిగి, మరల కూర్చుచున్నారు.

మన అంబాసిడర్ ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. దాని బలము 50 అశ్వశక్తులకు అటునిటు. బలమున తొమ్మిదింట ఒకవంతే యైనను, శాస్త్రమున ఈ రెండును ఒకే కాలపు సృష్టి. పెట్రోలును గాలిలో కలుపు కార్బురేటరు, నిప్పురవ్వను పంచిపెట్టు డిస్ట్రిబ్యూటరు, డ్రమ్ము బ్రేకులు, సీసము కలిసిన పెట్రోలునకు అలవాటుపడిన వాల్వులు రెండింటికిని సమానమే. ఏ భాగము ఏ పని చేయునో కంటితో చూచి, చెవితో విని, చేతితో సరిచేయదగిన యంత్రములివి. కంప్యూటరు లేని యంత్రములు. అందుచేతనే వీనిని ఇంటివద్ద బాగుచేయుట సాధ్యమగుచున్నది. అమెరికా పాత బండ్లు మన నేలకు పరాయివియు కావు. 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు, పాత షెవ్రొలే వాహనము నొకదానిని బాగుచేయించి, మార్పించి, చైతన్యరథమని పేరిడి, కుమారుడు హరికృష్ణ నడుపగా దానిపై నిలిచి రాష్ట్రమంతయు తిరిగి, తొమ్మిది నెలలలో అధికారమునకు వచ్చెను. నాటి గతుకుల రోడ్లపై ఒక ముసలి వాహనము అంత దూరము నడచినదనగా, దానిని నడిపించిన మెకానిక్కుల పనితనమును గూర్చి చరిత్రకారులు ఇంకను వ్రాయవలసియున్నదని నా యభిప్రాయము.

క్రింద ఏల చూడవలెను?

జీపునకు, లారీకి, అమెరికాలోని జీటీఓ, షెవెల్ కార్లకు అడుగున ఉక్కు దూలములతో కూర్చిన ఛాసిస్ వేరుగానుండును. దేహమును దానిపై బోల్టులతో బిగింతురు. దేహపు రేకు చిల్లులు పడినను ఛాసిస్ గట్టిగానున్నంతకాలము బండి నిలబడును. అంబాసిడర్ నిర్మాణము ఇట్లు కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని, పశ్చిమ వంగదేశమున ఉత్తరపారా కర్మాగారమున హిందుస్థాన్ మోటార్స్ వారు 1950వ దశకము చివర నుండి 2014 మే వరకు తయారుచేసిన ఈ కారునకు వేరుగా ఛాసిస్ లేదు. నేలరేకు, తలుపుల క్రింది పొడవాటి పెట్టె భాగములు, స్తంభములు, పైకప్పు అన్నియు వెల్డింగుతో ఏకమై, దేహమే అస్థిపంజరమై నిలుచును. ఈ విషయమున మన అంబాసిడర్ షెవెల్‌కు గాక మస్టాంగుకు దగ్గరి చుట్టము.

పలుచని రేకు అంత బరువును ఎట్లు మోయుననగా, దానిని నలువైపుల మడచి మూసిన పెట్టెగా చేయుటవలన మోయును. చదునైన రేకును చేతితో వంచవచ్చును. అదే రేకును చతురస్రపు గొట్టముగా మలచినచో వంచుట దుస్సాధ్యము. తలుపుల క్రింద ముందుచక్రము నుండి వెనుకచక్రము వరకు సాగు ఈ గొట్టములను సిల్లులందురు. కారు బలమంతయు వానిలోనున్నది. అయితే ఆ బలమునకు కారణమైన మూసిన పెట్టె ఆకారమే తుప్పునకు చక్కని గూడు. లోన చేరిన నీరు ఆరదు. చేరిన మట్టి రాలదు. పైనుండి చూచువానికి ఏమియు కనబడదు.

కావున మెకానిక్కు కారు క్రింద పరుండి మొనగల స్క్రూడ్రైవరుతో సిల్లులను, జాకీ పెట్టుచోటులను, వెనుక కమానుపట్టీలు తగులుకొను చోటులను పొడిచి చూచును. మంచి రేకు ఖంగున మ్రోగును. చెడిన రేకు మెత్తగా లోనికి పోవును. పైవైపున ఒక అయస్కాంతమును మెల్లగా జరుపుచు పోయినచో, అది పట్టుదప్పిన చోట ఇనుము లేదని, లప్పము పూసి రంగు వేసియున్నారని తెలియును. తలుపు మూయునప్పుడు గొండి దగ్గర రాచుకొనుచున్నచో కారు నడుము వంగినదని అర్థము. ఇట్టి కారునకు సిల్లు కోసి క్రొత్తది అతుకవలసివచ్చినచో, కోయుటకు ముందే తలుపు ఖాళీలో ఇనుపకడ్డీలను అడ్డముగా వెల్డుచేసి దేహమును బంధింపవలెను. లేనియెడల కోసిన క్షణమున కారు కుంగి, ఇక ఏ తలుపును జన్మలో సరిగా మూతపడదు. రెండు వైపుల సిల్లులను ఒకేసారి కోయరాదు. ఇంకొక మాట: కారు క్రిందికి దూరువాడు జాకీని నమ్మరాదు, ఇటుకలను అసలే నమ్మరాదు. ఇటుక ముందు హెచ్చరింపకయే పగులును. ఉక్కు స్టాండ్లు కొనుటకు డబ్బు లేనివాడు ఆ పని మానుకొనుట మేలు.

మూతపడిన చోటనే తుప్పు

తుప్పును గాలి, నీరు కలసి చేయునని బడిపిల్లలకు తెలియును. కాని గాలి బాగుగా తగులుచోట గాక, తగులనిచోటనే ఇనుము ఎక్కువగా ఏల తినబడునను ప్రశ్నకు సమాధానము కొందరికే తెలియును. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుడు శుభ్రమైన ఇనుపపలకపై ఒక ఉప్పునీటి బొట్టు నుంచి దీనిని స్పష్టముగా చూపెను. బొట్టు అంచున నీటిపొర పలుచన. గాలిలోని ఆక్సిజను అచట ధారాళముగా అందును. నడుమ నీరు లోతు, ఆక్సిజను అందదు. ఈ హెచ్చుతగ్గు వలన ఆ చిన్న బొట్టే ఒక విద్యుద్ఘటమగును. నడుమనున్న ఇనుము తన ఎలక్ట్రానులను విడిచి నీటిలో కరగును. ఆ ఎలక్ట్రానులు లోహము గుండ అంచునకు ప్రవహించి అచటి ఆక్సిజనుతోను నీటితోను కలియును. కరగిన ఇనుము, అంచున పుట్టిన ద్రవ్యము ఎదురై కలసికొన్నచోట గోధుమవన్నె తుప్పు పేరుకొనును. అనగా గుంటపడునది ఒకచోట, తుప్పు కనబడునది మరియొకచోట.

ఈ చిన్న బొట్టు కథ తెలిసినచో కారు క్రింద జరుగునదంతయు విశదమగును. చక్రము విసరిన నల్లరేగడి బురద మడ్గార్డు లోపలి అంచున అంటుకొని వానకాలము నాలుగు నెలలును తడిగానుండును. దాని క్రిందనున్న రేకునకు గాలి అందదు. కావున అచటనే రేకు కరగును. లప్పము క్రింద, రబ్బరు పట్టీల క్రింద, రెండు రేకులు అతుకుపడిన సందులలో ఇదే జరుగును. ఇది తెలియక, తుప్పుపై రంగుపూత వేసి మూసివేయువాడు రోగమును మాన్పుట లేదు, దానికి కావలసిన చీకటిని కల్పించుచున్నాడు.

నీటిలో లవణము చేరిన కొలది ఈ విద్యుత్తు సులభముగా ప్రవహించును. అమెరికా ఉత్తర రాష్ట్రములలో మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు గనుక అచటి కార్లు త్వరగా నశించును; ఎడారి ప్రాంతమైన అరిజోనాలో తిరిగిన కారునకు అందుచేతనే గిరాకి ఎక్కువ. మన భూపాలపల్లి ప్రాంతమునకు సముద్రపుగాలి సోకదు. విశాఖపట్నమున నిలిచిన కారుకంటె ఇచట నిలిచిన కారు అదృష్టము గలది. అయినను ఒక ప్రమాదము కలదు. కారునుంచిన కొట్టములోనే ఎరువుల బస్తాలనుంచుట మన రైతుల అలవాటు. పొటాష్ ఎరువనగా పొటాషియము క్లోరైడు. ఉక్కునకు అది ఉప్పువలెనే శత్రువు. బస్తా నుండి రాలిన పొడి గాలిలోని తేమను పీల్చి నేలరేకుపై చేరినచో, సముద్రము లేకయే సముద్రతీరపు తుప్పు పుట్టును. ఎరువునకు వేరు కొట్టము, కారునకు వేరు కొట్టము ఉండవలెను. లేదా కనీసము నడుమ గోడ యుండవలెను.

తుప్పు విద్యుత్తువలన పుట్టునని తెలిసినప్పుడు, విద్యుత్తుతోనే దానిని విడిపింపవచ్చునని తోచుట సహజము. చిన్న భాగములకు ఇది ఇంటివద్ద చక్కగా సాగు పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో నీరుపోసి, బట్టలుతుకు సోడా కలిపి, తుప్పుపట్టిన భాగమును బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని మామూలు ఇనుపముక్కను ధనధ్రువమునకు తగిలించి, రెండును ఒకదానికొకటి తగులకుండ ముంచి ఒక రాత్రి వదలవలెను. ఇనుము ఎలక్ట్రానులను పోగొట్టుకొనుటయే తుప్పు గనుక, బయటినుండి ఎలక్ట్రానులను బలవంతముగా ఇచ్చినచో తుప్పు పొర నల్లబడి, వదులై, బ్రష్షుతో రాలిపోవును. మంచి ఇనుము చెక్కుచెదరదు. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలును ఎన్నడును కట్టరాదు. దానిలోని క్రోమియము విషపదార్థమై నీటిలో కలియును. ఈ పనియందు హైడ్రోజను వాయువు పుట్టును గనుక ఆరుబయట, నిప్పునకు దూరముగా చేయవలెను. విప్పరాని పెద్ద రేకులకు ఫాస్ఫారికామ్లము పూయుదురు; అది మిగిలిన తుప్పును ఇనుప ఫాస్ఫేటు అను నల్లని గట్టి పొరగా మార్చి, రంగు నిలుచుటకు ఆధారమగును.

కట్టుకొనిపోయిన ఇంజను

ఇక మూత ఎత్తవచ్చును. అయితే తాళము త్రిప్పి సెల్ఫు కొట్టుట మహాపరాధము. ఏండ్ల తరబడి ఆగిన ఇంజనులో నూనె అడుగునకు జారిపోయి, సిలిండరు గోడలు పొడిబారి, పిస్టన్ రింగులు గోడకు తుప్పుతో అంటుకొనియుండును. ఆ స్థితిలో బలవంతముగా త్రిప్పినచో రింగులు విరుగును. నాలుగు ప్లగ్గులను విప్పి, ఒక్కొక్క రంధ్రమున కొంత డీజిలును పలుచని నూనెను కలిపి పోసి, కొన్ని దినములు ఊరనిచ్చి, అటుపై చేతి హ్యాండిలుతో ముందుకు వెనుకకు అణువణువుగా కదల్పవలెను. తొందర ఇచట శత్రువు. ఒకనాడు కదలనిది మరునాడు వెంట్రుకవాసి కదలును; ఆ వెంట్రుకవాసియే విజయము.

వరదలో మునిగిన బండి సంగతి ఇంకను సున్నితము. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచినప్పటి వంటి వరదలో వాహనము మునిగినచో, గాలి పీల్చు గొట్టము గుండ నీరు సిలిండరులో చేరును. గాలిని నొక్కవచ్చును గాని నీటిని నొక్కుట అసాధ్యము. నీరున్న సిలిండరులో పిస్టను పైకి రాబోయినచో నొక్కుడుపడునది నీరు కాదు, పిస్టనును మోయు కనెక్టింగ్ రాడ్డు. అది వంగును లేదా విరుగును. వరదనీటిలో తడిసిన బండిని, నీరు తీసిన వెంటనే "చూతము" అని స్టార్టుచేయుటవలన ఎన్ని మంచి ఇంజనులు చెడినవో చెప్పనలవి కాదు. ప్లగ్గులు విప్పి నీరు వెడలగొట్టుట, నూనె మార్చుట ముందు, మిగిలినదంతయు తరువాత.

ఇంజను స్వేచ్ఛగా తిరుగుట మొదలైన పిదప దాని ఆరోగ్యమును కొలుచు పరీక్ష ఒకటి కలదు. దానియంత తర్కబద్ధమైన పరీక్ష మెకానిక్కు శాస్త్రమున వేరొకటి లేదని నేను భావించెదను. ప్లగ్గు రంధ్రమున పీడనమాపకమును బిగించి ఇంజనును త్రిప్పినచో, పిస్టను గాలిని ఎంతగా నొక్కగలుగుచున్నదో ముల్లు చూపును. ఆరోగ్యవంతమైన అంబాసిడరునకు అది చదరపు సెంటీమీటరునకు 8, 9 కిలోల ప్రాంతముననుండును. అయితే అంకెకంటె నాలుగు సిలిండర్లును సమానముగానుండుట ముఖ్యము. ఒకటి తక్కువ చూపినచో గాలి ఎటుపోవుచున్నది? పిస్టన్ రింగుల ప్రక్కగనా, వాల్వుల మీదుగనా? ఆ సిలిండరులో ఒక చెంచాడు నూనె పోసి మరల కొలువవలెను. నూనె రింగుల చుట్టును చేరి సందును మూయును, వాల్వులను అంటదు. ఇప్పుడు ముల్లు పైకి లేచినచో దోషము రింగులది, లేవనిచో వాల్వులది. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలసి తక్కువ చూపినచో, వాని నడుమ హెడ్డు గ్యాస్కెట్టు కాలినదని ఊహింపవచ్చును. ఇంజనును విప్పకయే, ఒక చెంచా నూనెతో, లోపలి రహస్యము బయటపడుచున్నది.

రింగులు అరగి, సిలిండరు గోడ గుండ్రదనము తప్పి కోలగా మారినచో, "బోరుకొచ్చింది" అందురు. అప్పుడు ఇంటిపని ఆగి లేతు మెషినువాని పని మొదలగును. ట్రాక్టర్లకు, బొగ్గు లారీలకు నిత్యము ఈ పని జరుగు ప్రాంతము గనుక, వరంగల్లు, హనుమకొండ వైపు పోయినచో నేర్పరులైన లేతు పనివారు దొరకుదురు. వారు గోడను అంగుళములో వెయ్యవవంతుల లెక్కన కొంచెము పెద్దదిచేసి, అందుకు తగిన పెద్ద పిస్టనులు వేయుదురు. గోడను అద్దమువలె నునుపుచేయుట తప్పు. సన్నని అడ్డగీతలు మిగులవలెను. ఆ గీతలలో నూనె నిలుచును. నిలిచిన నూనెవలననే రింగులు గోడను తినక జారును.

గాలి, పెట్రోలు, నిప్పురవ్వ

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. ఈ పాళ్లను ప్రతి క్షణమును, బండి నిదానముగా పోవునప్పుడును వేగముగా పోవునప్పుడును, కంప్యూటరు సాయము లేకయే కుదుర్చు సాధనమే కార్బురేటరు. ఇది ఎట్లు పనిచేయునో తెలియుటకు, వెనుకటి దినములలో ప్రతి ఇంట దోమలకు కొట్టు ఫ్లిట్టు పంపును తలంచుకొనుడు. పంపును ముందుకు త్రోసినప్పుడు గాలి, మందుడబ్బా నుండి నిటారుగా లేచిన సన్నని గొట్టపు మూతి మీదుగా వేగముగా పోవును. వేగముగా పోవు గాలికి ప్రక్కలపై నొక్కుడు తక్కువ. డబ్బాలోని మందుపై మామూలు గాలి నొక్కుడు అట్లే యుండును. ఈ తేడావలన మందు తనంత తానే గొట్టములో పైకెక్కి, గాలిలో తుంపరలుగా చెదరును. కార్బురేటరులో పంపు త్రోయు చేయి లేదు. క్రిందికి దిగు పిస్టను గాలిని పీల్చును. ఆ గాలి నడుము సన్నబడిన దారిలో వేగము పుంజుకొనును. అచట జెట్టు అను సన్నని రంధ్రమునుండి పెట్రోలు పైకెగసి తుంపరయగును. ఫ్లిట్టు పంపు మూతిలో నలకపడినచో మందు ఎట్లు ఆగునో, ఏండ్లనాటి పెట్రోలు ఎండి జిగురై జెట్టును మూసినచో ఇంజను అట్లే ఆగును. ఆ రంధ్రమును తీగతో పొడుచుట మన మెకానిక్కులలో కొందరి దురలవాటు. దాని వ్యాసము కొలిచి చేసినది. తీగతో గీచినచో పాళ్లు శాశ్వతముగా చెడును. ద్రావకములో నానబెట్టి గాలితో ఊదుటయే మార్గము.

నిప్పురవ్వ సంగతి అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బుద్ధివలన కలిగినది. 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరును అమర్చినవాడును అతడే. 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తు కాయిలులోని మొదటి చుట్టలో ప్రవహించుచుండగా, పాయింట్లు అను రెండు చిన్న లోహపు బిళ్లలు ఒక్కసారిగా విడిపడును. ప్రవాహము తటాలున ఆగుటచే కూలిన అయస్కాంతక్షేత్రము, వేలకొలది చుట్లుగల రెండవ తీగలో వేల వోల్టులను పుట్టించును. అది ప్లగ్గు మొనల నడుమ రవ్వయై దుముకును. నిమిషమునకు 3000 సార్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇది సెకనునకు 100 సార్లు జరుగును. ఎనిమిది సిలిండర్ల మజిల్ కారులో 200 సార్లు. పాయింట్ల నడుమ సందు మిల్లీమీటరులో సుమారు 0.4 వంతు, ఆ సందు చెడినచో రవ్వ బలహీనమగును, పడవలసిన వేళయు తప్పును. వేళ ఏల ముఖ్యమనగా, మంట ప్లగ్గు నుండి పిస్టనుపై అంతటికి వ్యాపించుటకు కొంత కాలము పట్టును. కావున పిస్టను పైకి చేరుటకు కొంచెము ముందే రవ్వ పడవలెను. మరీ ముందు పడినచో పెట్రోలు బద్దలై ఇంజను లోహపు చప్పుడు చేయును. ఆలస్యమైనచో పికప్పు పోయి ఇంజను వేడెక్కును. పాతకాలపు మెకానిక్కు ఒక చిన్న బల్బు తగిలించి, అది వెలుగు క్షణమునుబట్టి టైమింగు కుదుర్చును. ఈ పనికి ఇంతకుమించిన సాధనము నేటికిని అవసరము లేదు.

సీసము పోయిన తరువాత

ఆ కెట్టరింగ్ ప్రయోగశాలలోనే 1921లో థామస్ మిడ్జ్‌లీ అను రసాయన శాస్త్రజ్ఞుడు, పెట్రోలులో సీసపు సమ్మేళన మొకటి కొద్దిగా కలిపినచో ఆ లోహపు చప్పుడు ఆగునని కనుగొనెను. దానిచే ఇంజనులలో గాలిని ఇంకను గట్టిగా నొక్కుట సాధ్యమైనది; మజిల్ కార్ల బలమునకు అదియు ఒక పునాది. కాని పొగగొట్టము నుండి వెడలిన సీసము పిల్లల మెదళ్లను దెబ్బతీయు విషము. మన దేశమున 2000 నాటికి దానిని తొలగించిరి. ప్రపంచమున చివరగా అల్జీరియా 2021లో మానెను. ఇది మానవజాతికి మహోపకారము. ఇందు నాకు సందేహము లేదు. అయితే పాత ఇంజనులలో సీసము మరియొక సేవయు చేయుచుండెను: వాల్వును, అది కూర్చుండు పోత ఇనుప అంచును వేరుచేయు సన్నని పొరగా నిలిచి, ఎర్రగా కాలిన లోహములు పరస్పరము అతుకుకొనకుండ కాపాడుచుండెను. సీసము లేనప్పుడు, వేగముగా దూరప్రయాణము చేయు పాత ఇంజనులో వాల్వు తన పీటను కొంచెము కొంచెముగా తినుచు లోనికి దిగును. హెడ్డు ఎట్లును విప్పినప్పుడే లేతువానిచే గట్టి ఉక్కు సీట్లు వేయించుకొన్నచో ఈ బాధ శాశ్వతముగా తొలగును.

నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇది పాత కార్లకు రెండవ పరీక్ష. ఇథనాలు పాతరకపు రబ్బరు గొట్టములను మెత్తబరచును. గాలిలోని తేమను పీల్చును. ఎక్కువకాలము నిలిచినచో నీటితో కలసి ట్యాంకు అడుగున వేరుపడి ఉక్కును తినును. ఒక లీటరు ఇథనాలులో పెట్రోలులోని శక్తిలో మూడింట రెండువంతులే యుండును. తనలోనే ఆక్సిజను గలది గనుక మిశ్రమము పలుచబడును. ఇథనాలును తట్టుకొను గొట్టములు మార్చుట, జెట్టును కొంచెము పెద్దది వేయుట, నెలల తరబడి నడుపనప్పుడు ట్యాంకు ఖాళీచేయుట ఇందుకు ఉపాయములు.

ఆపుట, అలంకరించుట

నడిపించుటకు ముందు ఆపుట నేర్వవలెనని నా దృఢమైన నమ్మకము. ఆ కాలపు కార్లలో పెక్కింటికి నాలుగు చక్రముల బ్రేకులకును నూనె పోవు మార్గము ఒక్కటే. ఎక్కడ చిన్న రబ్బరు చిరిగినను నాలుగును ఒకేసారి పోవును. బ్రేకు నూనె రబ్బరు గొట్టముల గుండ సైతము తేమను పీల్చుకొనును. క్రొత్తగానున్నప్పుడు 200 డిగ్రీలు దాటిన తరువాత మరగునది, తేమ చేరినప్పుడు 140 డిగ్రీలకే మరగును. మరగిన నూనెలో ఆవిరి పుట్టును. ఆవిరి నొక్కుడుకు లొంగును. పెడలు నేలకు తగులును గాని బండి ఆగదు. కావున రబ్బర్లు, గొట్టములు, నూనె అన్నియు క్రొత్తవి వేయక ఒక్క అడుగైనను నడుపరాదు. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను.

రంగు అన్నిటికంటె చివర. ప్రైమరు రంధ్రములుగల పూత. దానిని వానలో వదలినచో నీటిని పీల్చి క్రిందనుండి తుప్పు పుట్టించును. గట్టిపడు మందు కలిపి కొట్టు నేటి రంగులలోని ఆవిరులు ఊపిరితిత్తులకు హానికరములు. వానిని ఇంటిలో గాక, తగిన గదియు గాలిసరఫరాగల ముసుగును ఉన్నచోట కొట్టించుట వివేకము.

పునరుద్ధరణమనగా మెరిపించుటయే అని తలంచువారు డీజిలు ఇంజనును తగిలించి, క్రొత్త సీట్లు వేసి, అసలు భాగములను పాత ఇనుము వానికి తూచి అమ్ముచున్నారు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున తెప్పింపబూని ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కాలమున అందిన పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూచినవారు ఆ పని ఎన్నడును చేయరు. దాని విలువ అది తనదైన రూపున మిగిలియుండుటలో నున్నది. చట్టమును ఇదే దృష్టిని అంగీకరించినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, దేహము, ఇంజనులలో మౌలికమైన మార్పు లేక అసలు రూపున నిలిచిన కారును వింటేజి వాహనముగా నమోదు చేయింపవచ్చును. నంబరులో వీఏ అను అక్షరములు వచ్చును. క్రొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. నిత్యము తిరుగుటకు, కిరాయికి నడుపుటకు ఆ నమోదు వర్తింపదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు రోడ్డెక్కవచ్చును. 1970కి ముందు కొన్న అంబాసిడర్లన్నియు ఇప్పటికే ఈ హద్దును దాటినవి. కావున విప్పిన ప్రతి బోల్టును, ప్రతి చువ్వను, చెడిన కార్బురేటరును సైతము, ఎచటనుండి తీసినదో చీటి వ్రాసి కట్టి భద్రపరుపవలెను. విప్పుటకు ముందు నాలుగు వైపుల ఛాయాచిత్రములు తీసికొనవలెను. ఇంజను సంఖ్యను, ఛాసిస్ సంఖ్యను రిజిస్ట్రేషను పత్రములతో సరిచూచిన పిదపనే మొదటి స్పానరు పట్టవలెను.